సాగనంపని మనిషి

చేపల బజారు ఆడవాళ్ళు ముగ్గురూ కాఫీ గ్లాసులు కింద పెట్టి లేచి నిలబడ్డారు. తోయాంగ్ మాత్రం శవపేటిక పక్కనున్న బల్ల మీంచి కదల్లేదు.

వాళ్ళు ఒక క్షణం ఆగి చూశారు. పూటకూళ్ళ తోయాంగ్ ఇంటికి వచ్చిన మనిషిని, అరువు అడగడానికి వచ్చినవాడినైనా సరే, గేటు దాకా వచ్చి సాగనంపుతుందని సంపాలోక్ పేటంతా ఎరుగును. సాగనంపిన గిరాకీ మళ్ళీ వస్తాడన్నది ఆమె వ్యాపార సూత్రం. అటువంటి మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలైనా ఎత్తకుండా కూర్చుంది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని బయటికి నడిచారు. సందు మలుపు తిరిగేదాకా నోరు విప్పలేదు. మలుపు తిరిగాక ముగ్గురి గొంతులూ ఒక్కసారే లేచాయి. ఆ మాటలు తోయాంగ్‌కు వినిపించలేదు. వినిపించాల్సిన అవసరమూ లేదు.

"అమ్మా, ఒక్కసారి వంటింట్లోకి రా" అంది కూతురు హాటి.

వంటింట్లో బెబాంగ్ గంగాళంలో గంజి కలుపుతోంది. పూటకూళ్ళ ఇల్లు పెట్టిన నాటినుంచీ వంట ఆవిడదే, కబుర్లూ ఆవిడవే.

హాటి తలుపు దగ్గరగా వేసింది.

"మొన్న లేవలేదు. నిన్న లేవలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు. ఇవాళ వాళ్ళ మొహాలు చూశావా? పోయినవాడి సొంతవాళ్ళేనమ్మా వచ్చినవాళ్ళని సాగనంపకూడనిది. ఆయనకి నువ్వేమవుతావని కూర్చున్నావు?"

"మోకాళ్ళు నొప్పులే."

"పొద్దున బియ్యం బస్తా దగ్గరుండి మోయించుకొచ్చావు. అప్పుడు లేవా నొప్పులు?"

"సాగనంపితే చావు వాళ్ళ వెంట పోతుందంటారు కదే పిల్లా" అంది బెబాంగ్ గరిటె తిప్పుతూనే. "వాళ్ళ మంచికే కూర్చుంది మీ అమ్మ. ఎంత దయగల తల్లో చూడు."

"నువ్వు గంజి కలుపు పిన్నీ."

"కలుపుతూనే ఉన్నా. ఆయనకి ఇష్టమని కాస్త మునగాకు వేద్దామంటే వీల్లేకపోయె. చావింట మునగాకు ఉడికితే, రెమ్మకి ఆకు రాలినట్టు ఇంట్లోవాళ్ళు ఒకరెంట ఒకరు పోతారంటారు." ఆగి, తోయాంగ్ వంక చూడకుండా అంది. "అద్దెకున్నవాడే అయితే భయమేముందిలే. ఇంట్లోవాళ్ళు కాదుగా. కోసుకు రమ్మంటారా?"

పెరట్లో మునగచెట్టు కొమ్మ కిటికీ ఊచలకు రాసుకుంటోంది. ముందుగదిలో పెట్టెలో ఉన్న హెన్నింగ్ నాటిన చెట్టది. నాటడమంటే ఏమీ లేదు, విరిగిన కొమ్మను మట్టిలో గుచ్చాడు, అది బతికింది. "ఈ దేశంలో ఏది గుచ్చినా బతికేస్తుంది తోయాంగ్, నాలాగే" అనేవాడు.

హాటి గొంతు తగ్గించింది. "సాయంత్రం జపమాల ప్రార్థనకి నా కాబోయే అత్తగారు వస్తోంది, ఎఫ్రెన్ వాళ్ళమ్మ. ఆవిడ ఎదురుగా కూడా ఇలాగే కూర్చుంటావా? నాన్న చచ్చిపోలేదమ్మా. దవావ్‌లో ఇంకొకామెతో పిల్లల్ని కంటూ బతికే ఉన్నాడు. చర్చిలో నువ్వింకా ఆయన పెళ్ళానివే. మన దేశంలో ఆ ముడి విప్పే చట్టం లేదని నాకంటే నీకే బాగా తెలుసు. ఈయనా ఏదో అవుతాడని నలుగురిలో చెప్పుకుంటే, నిన్ను ఏమంటారు? నన్ను ఎవరు చేసుకుంటారు?"

"నేనేమీ చెప్పుకోలేదే."

"నోటితో చెప్పడమే చెప్పడమా?"

ధర చెప్పకుండా బేరం కుదుర్చుకున్న సరుకులు తోయాంగ్ జీవితంలో చాలా ఉన్నాయి. ఇంత పెద్దది మాత్రం ఇదొక్కటే.

హెన్నింగ్ వచ్చింది పది రోజుల కోసం. వీపున సంచి, చేతిలో మడతలు పడ్డ నగర పటం, ఎండకు కమిలిన ముక్కు. తోయాంగ్ అప్పుడే గిరాకీలందరూ వెళ్ళాక తన పళ్ళెం ముందేసుకుంది. వేయించిన చేప ఒకటీ, ఇంత అన్నమూ మిగిలాయి. గుమ్మంలో మనిషి కనిపించేసరికి అలవాటు ప్రకారం "రండి, తిందాం" అంది. తింటున్నవాళ్ళు అలా అనాలి. చూసినవాళ్ళు "ఇప్పుడే తిన్నాను" అనాలి. ముత్తాతల నాటినుంచీ ఏ నష్టమూ లేకుండా నడుస్తున్న బేరమది.

ఆ డెన్మార్కువాడు సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

బెబాంగ్ వంటింట్లోకి పరుగెత్తి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తోయాంగ్ చేపను రెండుగా చీల్చింది. తల ఉన్న సగం అతనికి వేసింది. పది రోజులకని కూర్చున్నవాడు పధ్నాలుగేళ్ళపాటు ఆ కుర్చీలోంచి లేవలేదు.

మేడ మీద గదిలో కూర్చుని పుస్తకాలు తన భాషలోకి మార్చేవాడు. పొద్దున్నే ఆమె వెంట బజారుకు వచ్చేవాడు. తెల్లతోలు చూస్తే కూరగాయలవాళ్ళు ధర పెంచేస్తారు కాబట్టి, బేరం తెగేదాకా బియ్యం కొట్టు స్తంభం చాటున నిలబడేవాడు. ఆమె తల ఊపితే వచ్చి బుట్ట ఎత్తుకునేవాడు. అన్నేళ్ళూ అలాగే చాటున నిలబడ్డాడు. బజారులోనే కాదు.

ఇంకెవరికీ తెలియని చాటు అది అని తోయాంగ్ అనుకునేది. వ్యాపారస్థులకు అదొక పిచ్చి నమ్మకం, తమ లెక్క తమకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదని.

*

మధ్యాహ్నం వాన మొదలవుతుండగా అతని అక్క దిగింది.

పొడుగాటి మనిషి, నెరిసిన పొట్టి జుట్టు, విమానంలో నలిగిన నల్లకోటు. పేరు బిర్గితే. సందులో టార్పాలిన్ కింద నలుగురు మగవాళ్ళు పేకాడుతున్నారు. ఒకడు ముక్క గట్టిగా కొట్టి నవ్వాడు. ఆమె అక్కడే ఆగిపోయింది.

"శవం ఉన్న ఇంటి ముందు పేకాటా?"

ఆ మాట అందరికీ అర్థమయింది. ఆ పేటలో ఇంగ్లీషు రానివాడు లేడు. ఆటగాళ్ళు ముక్కలు బోర్లించి లేచి నిలబడ్డారు.

"పోయినవాళ్ళని ఒంటరిగా వదలకూడదండీ" అని హాటి ఎదురెళ్ళింది. "మెలకువగా ఉండటానికి ఆడతారు. ఆయన కూడా ఆడేవారు. ఎప్పుడూ ఓడిపోయేవారు."

"మనసున్న మనిషండీ" అన్నాడు ఆటగాళ్ళలో ఒకడు. "ఓడిపోయి కూడా కాఫీ ఇప్పించేవాడు."

బిర్గితే లోపలికి నడిచింది. గాజు మూత కింద తమ్ముడు పడుకుని ఉన్నాడు. అనాస నారతో నేసిన పల్చటి తెల్లచొక్కా వేసి ఉంది. పెళ్ళికొడుకులూ పెద్దమనుషులూ వేసుకునే చొక్కా. ఆమె రెండు చేతులూ గాజు మీద ఆనించి వంగింది. ముక్కు చివర కన్నీటి బొట్టు నిలిచింది.

బెబాంగ్ ఒక్క అంగలో వచ్చి ఆమె భుజం పట్టి వెనక్కి లాగింది.

"ఏమిటిది! నా తమ్ముడి మీద నేను ఏడవకూడదా?"

"ఏడవండమ్మా, మీ ఓపికున్నంతసేపు ఏడవండి. అద్దం మీద మాత్రం పడనివ్వకండి. వెళ్ళేవాడికి దారి బరువవుతుంది."

బిర్గితే ఆమె చెయ్యి విదిలించుకుంది. అప్పుడు చూసింది తోయాంగ్‌ను, బల్ల మీద కూర్చున్న పొట్టి మనిషిని, పాదాలు నేలకు సరిగ్గా ఆనని మనిషిని.

"ఇంటి యజమానురాలు మీరేనా?"

"నేనే. తిన్నారా?"

"నాకు ఆకలి లేదు."

"దారిలో ఏమీ తిని ఉండరు. కాస్త గంజి—"

"ఆకలి లేదన్నాను కదా."

తోయాంగ్ గంజి గిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టింది. అది చల్లారింది. బెబాంగ్ తీసుకెళ్ళి వేడిది పెట్టింది. అదీ చల్లారింది.

మేడ మీద గది చూపించమంది బిర్గితే. హాటి తీసుకెళ్ళింది. కిందికి వచ్చినప్పుడు ఆమె మొహం మరింత బిగుసుకుని ఉంది.

"ఒక మంచం, ఒక బల్ల. పధ్నాలుగేళ్ళు వాడు బతికింది అక్కడా?"

ఆ మంచం ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో, కింద తన గదిలో కిటికీ వైపు తలగడ ఎవరిదో తోయాంగ్ చెప్పగలిగేది. హాటి చిన్నప్పటినుంచీ చూసి కూడా చూడనట్టే పెరిగింది. బెబాంగ్ దుప్పట్లు ఉతికి కూడా అడగలేదు. ఆ ఇంట్లో అందరూ కలిసి నడిపిన వ్యాపారం అది. మౌనమే పెట్టుబడి.

"రేపు పొద్దున బండి వస్తుంది" అంది బిర్గితే. "మా ఊళ్ళో సముద్రం ఒడ్డు శ్మశానంలో అమ్మా నాన్నా ఉన్నారు. వాళ్ళ పక్కన పెడతాను."

"రేపా? తొమ్మిది రోజుల ప్రార్థన ఉందే."

"ఎవరు చేస్తారు?"

"మేమే."

"మేము అంటే ఎవరు?"

గోడ మీద బల్లి అరిచింది. హాటి గబగబా బిస్కెట్ల పళ్ళెం సర్దడం మొదలుపెట్టింది.

*

సాయంత్రం వెలుగు ఉండగానే కొన్‌సింగ్ వచ్చింది. ఎఫ్రెన్ తల్లి, కాబోయే వియ్యపురాలు. చర్చి పనుల్లో ముందుండే మనిషి, మెడలో జపమాల, చేతిలో విసనకర్ర. పిల్లనడగడానికి పంది మాంసం, నూడుల్స్ పట్టుకుని బంధువులందరితో వచ్చిన రోజున ఆవిడ మేడ మెట్ల వైపు చూసి "పైన ఎవరు వదినా?" అని అడిగింది. "అద్దెకుంటాడు" అంది తోయాంగ్. పైన మెట్ల మలుపులో హెన్నింగ్ వెనక్కి జరగడం తనొక్కతే చూసింది.

జపమాల అయింది. గంజి తాగారు. ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. ప్రార్థన చదివిన ముసలావిడ గుమ్మంలో ఆగి, తోయాంగ్ వంక చూసి, తల పంకించి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. తోయాంగ్ కూర్చునే ఉంది. ఎదుటి వరసలో కొన్‌సింగ్ విసనకర్ర ఊపడం ఆపింది.

"వదినా, పెద్దావిడ వెళ్ళిపోతోంది."

"ఊఁ."

"మోకాళ్ళు నొప్పులట అత్తయ్యా" అంది హాటి.

బిర్గితే కూడా చూస్తోంది. చివరికి బెబాంగ్ వైపు తిరిగి మెల్లిగా అడిగింది. "వచ్చినవాళ్ళను గుమ్మం దాకా కూడా పంపరా ఈ ఇంట్లో? మా తమ్ముడి కోసం వాన్లో వచ్చారు పాపం."

బెబాంగ్ నోట్లో నువ్వుగింజ నానదు. "అయ్యో, అది మర్యాద లేక కాదమ్మా. పోయినవాడి సొంతమనుషులు లేవకూడదు. లేచి పంపితే చావును కూడా పంపినట్టు. బయటివాళ్ళయితే పంపొచ్చు. సొంతవాళ్ళు మాత్రం—"

అక్కడికి వచ్చాక ఏం చెప్పిందో ఆవిడకే అర్థమయి, ఖాళీ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోయింది.

బిర్గితే చాలాసేపు తోయాంగ్ వంకే చూసింది. తర్వాత వచ్చి బల్ల మీద ఆమె పక్కన కూర్చుంది. గొంతు తగ్గించే మాట్లాడింది. కానీ అది చిన్న గది.

"ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా 'మా ఇంట్లో' అనేవాడు. మా ఇంట్లో చేప వండారు, మా ఇంట్లో అమ్మాయికి పెళ్ళి కుదిరింది, అని. పేర్లు చెప్పేవాడు కాదు. నేనూ అడగలేదు. ఇక్కడికి వస్తే ఒక అద్దె గది చూపించారు." "అద్దె గదిలో నా తమ్ముణ్ణి వదిలేసి వెళ్ళలేను. వాడికి ఇక్కడ ఇల్లే ఉంటే, ఆ ఇంట్లో మనిషి ఉంటే, నాతో చెప్పండి. ఇక్కడే ఉంచేస్తాను. అమ్మా నాన్నలకు నేను సర్దిచెప్పుకుంటాను."

విసనకర్ర కదలడం లేదు.

"నోటితో చెప్పలేకపోతే చెప్పొద్దు" అని బిర్గితే లేచింది. "నేనిప్పుడు హోటలుకు వెళ్తున్నాను. మీరు కూర్చుంటే నాకు అర్థమవుతుంది. లేచి పంపితే అదీ అర్థమవుతుంది."

కోటు తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

తోయాంగ్ ముందు పెట్టె వైపు చూసింది. తర్వాత కూతురి వైపు చూసింది. హాటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పొద్దున వంటింట్లో ఉన్న కోపం ఆ మొహంలో ఇప్పుడు లేదు. భయం ఉంది. చిన్నప్పుడు బడి ఫీజు కట్టనందుకు టీచరు పేరు పిలుస్తుందేమోనని నిలబడ్డ పిల్ల మొహం అది.

పోయిన సరుకు కోసం చేతిలో ఉన్న సరుకు పాడుచేసుకోకూడదు. తోయాంగ్ ఈ మాట ఎంతమందికో చెప్పింది. చెప్పినప్పుడల్లా అదెంత తేలిక మాటో! ఒక పక్క చచ్చిపోయినవాడు. అతనికి ఇప్పుడు సంపాలోక్ మట్టయినా ఒకటే, సముద్రం ఒడ్డయినా ఒకటే. ఇంకో పక్క ముందు బతుకంతా బతకాల్సిన పిల్ల. లెక్క తేలడానికి క్షణం కూడా పట్టలేదు. లేవడానికే పట్టింది.

బల్ల అంచు పట్టుకుని లేచింది. హాటి ఊపిరి వదలడం వినిపించింది.

"పదండమ్మా, వాన పడుతోంది" అంది తోయాంగ్. గుమ్మం పక్కన మేకుకు తగిలించిన పెద్ద నల్లగొడుగు తీసింది. హెన్నింగ్ హాటిని బడికి తీసుకెళ్ళిన గొడుగు. బడి నుంచి రాగానే పిల్ల అతని కుడిచెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకునేది, ఇంట్లో పెద్దలకు చేసినట్టే. "మీ అమ్మ టూరిస్టు వచ్చాడే" అని బళ్ళో ఎవరో వెక్కిరించాక మానేసింది. అతను ఏమీ అడగలేదు. పిల్ల గుమ్మంలో అడుగుపెట్టగానే అతని చెయ్యి మాత్రం చాలాకాలం కాస్త పైకి లేచి, మళ్ళీ దిగిపోతుండేది.

గేటు దగ్గర గొడుగు విప్పి బిర్గితే తల మీద పట్టింది. ఆమె పొడుగు, తను పొట్టి. మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది.

అప్పుడు తన వ్యాపారపు గొంతుతో, లోపలికి వినిపించేటట్టు అంది.

"మీ తమ్ముడు మంచి అద్దెదారుడమ్మా. ఏ నెలా ఆలస్యం చెయ్యలేదు. గది శుభ్రంగా ఉంచుకునేవాడు. గట్టిగా మాట్లాడి ఎరగడు."

"అంతేనా?"

"అంతే."

బిర్గితే మొహంలో ఏదో తలుపు మూసుకుంది. "సరే. పొద్దున బండి వస్తుంది" అని సందు చివరికి చూపు తిప్పింది. పిలిచిన టాక్సీ ఇంకా రాలేదు. ఇద్దరూ ఒకే గొడుగు కింద, ఒకరినొకరు తాకకుండా నిలబడ్డారు. వాన టార్పాలిన్ మీద దబదబా పడుతోంది. భుజం నొప్పి పుట్టినా తోయాంగ్ గొడుగు దించలేదు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడు. కొన్‌సింగ్ గొంతు తేలికపడి వినిపించింది. "హమ్మయ్య, చీకటి పడకముందే బయల్దేరతాను. చావింటి నుంచి ఇంటికి సరాసరి పోకూడదు కదా, దారిలో ఎక్కడైనా కాసేపు కూర్చుని పోతాను. హాటీ, నన్ను గేటు దాకా పంపించమ్మా."

తోయాంగ్ వెనక్కి తిరిగింది.

గుమ్మంలో కొన్‌సింగ్ నిలబడి ఉంది, ఒక చెయ్యి వెనక్కి చాచి, కాబోయే కోడలు వచ్చి పట్టుకుంటుందని. ఆమె భుజం మీదుగా లోపలి దీపాలు, పెట్టె, బల్ల కనిపిస్తున్నాయి. తను ఇప్పటిదాకా కూర్చున్న చోట హాటి కూర్చుని ఉంది. రెండు చేతులతో బల్ల అంచును గట్టిగా పట్టుకుని, తల వంచుకుని.

"హాటీ? వినపడలేదా? రావేం?"

తోయాంగ్ గొంతులో "వెళ్ళవే" అన్న మాట పుట్టింది. పెదవుల దాకా వచ్చి నిలిచిపోయింది.

బిర్గితే కూడా తిరిగి చూసింది. సందు మలుపులోంచి టాక్సీ వచ్చి ఆమె పక్కనే ఆగింది. డ్రైవరు లోపలినుంచి తలుపు తోశాడు. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది కానీ ఎక్కలేదు.

లోపల హాటి తలెత్తింది. కొన్‌సింగ్ కళ్ళలోకి చూసింది.

"రాకూడదు అత్తయ్యా" అంది.